పేస్‌మేకర్ బాగుందట, మనిషే బాలేడు

"పేస్‌మేకర్ బ్రహ్మాండంగా పనిచేస్తోందండీ. దాన్లో ఏ ప్రాబ్లమూ లేదు."

ఈ మాట విన్నప్పుడల్లా నాకు ఒళ్ళు మండుతుంది. అబద్ధమని కాదు. చాలాసార్లు అది నిజమే. కానీ మనం అడిగింది అది కాదు. "మిషను పెట్టించుకున్నప్పటి నుంచీ మా నాన్నకి బీపీ ఎందుకు పడిపోతోంది?" అని అడిగితే "మిషను బాగుంది" అని చెప్పడం ఎలా ఉంటుందంటే, "అన్నం ఎందుకు ఉడకలేదు?" అంటే "స్టవ్వు కొత్తదేనండీ" అన్నట్టుంటుంది.

మన వృత్తిలో ఇలాంటి మహానుభావులు మనకి కొత్తేం కాదు. యూజరు ఫోన్ చేసి "పేజీ తెరుచుకోవడం లేదు మహాప్రభో" అని మొత్తుకుంటుంటే, "సర్వర్ అప్‌లోనే ఉంది, సీపీయూ కూడా ఖాళీగానే ఉంది" అని రాసి టికెట్ మూసేసేవాడు ప్రతి టీములోనూ ఒకడుంటాడు. వాణ్ణి మనం టీ దగ్గర ఏమని తిట్టుకుంటామో ఇక్కడ రాయలేను. అదే మాట తెల్లకోటు వేసుకున్నాయన చెప్తే మాత్రం, "థాంక్యూ డాక్టర్" అని బిల్లు కట్టి బయటికి వచ్చేస్తాం. ఇదీ నా గొడవ.

ఇది మనలాంటి వాళ్ళకే ఎందుకు చెప్తున్నానంటే, మనలో చాలామంది పరిస్థితి ఒకటే. పిల్లలు బెంగుళూర్లోనో, హైదరాబాదులోనో, డల్లాస్‌లోనో ఉంటారు. అమ్మానాన్నలు తిరుపతిలోనో, చిత్తూరులోనో, పలమనేరులోనో ఉంటారు. వాళ్ళ గుండెజబ్బుని మనం ఫోన్లో నడుపుతూ ఉంటాం. మా వైపు గుండె అంటే తిరుపతి స్విమ్స్, లేదంటే చిత్తూరు దాటితే వేలూరు సీఎంసీ. 1993లో స్విమ్స్ మొదలయ్యాక ప్రతిదానికీ మద్రాసు పరిగెత్తే బాధ చాలా తగ్గింది. 2007లో ఆరోగ్యశ్రీ వచ్చాక (ఆంధ్రాలో ఇప్పుడు దాని పేరు ఎన్టీఆర్ వైద్య సేవ) అప్పుల బాధ కూడా చాలా ఇళ్ళకి తగ్గింది. ఇవి చిన్న విషయాలు కావు, కాదనేవాడికి మతి లేనట్టే. అంటే, మిషను పెట్టించడం ఇప్పుడు మునుపటంత కష్టం కాదు. పెట్టాక మనిషి ఎలా ఉన్నాడో చూడటం దగ్గరే మనం వెనకబడి ఉన్నాం. ఇది ఏ ఒక్క ఆసుపత్రి మీదో ఫిర్యాదు కాదు. ఒక అలవాటు మీద ఫిర్యాదు.

సరే, అసలు సంగతికొద్దాం.

పేస్‌మేకర్ చెకప్‌లో ఏం చూస్తారు? బ్యాటరీ ఎంతుంది, లీడు రెసిస్టెన్స్ ఎంత, ఎంత వోల్టేజీ ఇస్తే గుండె స్పందిస్తోంది, గుండె సొంతంగా కొట్టుకున్నప్పుడు మిషను దాన్ని గుర్తుపడుతోందా, ఎంత శాతం కొట్టుకోవడాలు మిషను పుణ్యమా అని జరుగుతున్నాయి. అంతా మిషను గురించే. మీకు పెట్టే మామూలు పేస్‌మేకర్‌కి బీపీ కొలిచే సెన్సరు లేదు. గుండె కొట్టుకుందా లేదా అన్నదే దానికి తెలుస్తుంది. ఆ కొట్టుకోవడం వల్ల రక్తం మెదడు దాకా చేరిందా అన్నది దానికి తెలీదు. లాగులో లేని విషయం రిపోర్టులోకి ఎలా వస్తుంది? "ఆల్ పారామీటర్స్ నార్మల్" అన్న కాగితం ముక్కలో బీపీ అన్న పారామీటరే ఉండదు.

ఇంకో సంగతి. చాలా చోట్ల ఆ చెకప్ చేసేది డాక్టరు కాదు, పేస్‌మేకర్ కంపెనీ పంపిన టెక్నీషియన్. ఆయన పని ఆయన బాగానే చేస్తాడు, నేనేం అనను. కానీ ఆయన చూడాల్సింది కంపెనీ సరుకుని. మనిషిని చూడాల్సిన డాక్టరు ఏమో ఆ కాగితం చూసి "మిషను ఓకే" అంటాడు. మిషన్ని చూసినాయన మనిషిని చూడలేదు, మనిషిని చూడాల్సినాయన కాగితం చూశాడు. మధ్యలో మన నాన్నగారు కళ్ళు తిరిగి బాత్రూంలో పడ్డారు. ఈ బగ్గుకి ఓనరెవరు?

ఇప్పుడు మిషను "బాగా పనిచేస్తూనే" బీపీని ఎలా పడగొడుతుందో చూద్దాం. హైస్కూలు సైన్సు గుర్తు తెచ్చుకోండి. పైన రెండు కర్ణికలు, కింద రెండు జఠరికలు. ముందు పైగదులు ముడుచుకుని తమలోని రక్తాన్ని కిందికి తోస్తాయి. సెకనులో ఐదారో వంతు ఆగి, కిందిగదులు ముడుచుకుని ఒంటికి పంపుతాయి. పైగదులు ఆఖర్లో తోసే ఆ తోపుతో కిందిగది సుమారు ఐదో వంతు నిండుతుంది. ఏళ్ళ తరబడి బీపీ ఉండి గుండె కండరం బిరుసెక్కిన పెద్దవాళ్ళకి ఆ తోపు ఇంకా ముఖ్యం.

పేస్‌మేకర్ ఏ పద్ధతిలో నడవాలో చెప్పడానికి అక్షరాల కోడ్ ఒకటుంది. మొదటి అక్షరం ఏ గదిని కొట్టించాలో, రెండోది ఏ గదిని గమనించాలో, మూడోది గమనించాక ఏం చెయ్యాలో చెప్తుంది. వీవీఐ అంటే కిందిగదిని మాత్రమే కొట్టిస్తుంది, కిందిగదినే గమనిస్తుంది, అది సొంతంగా కొట్టుకుంటే తను ఊరుకుంటుంది. ఒకటే లీడు, ధర తక్కువ. డీడీడీ అంటే పైనా కిందా రెండూ చూసి వరస తప్పకుండా నడిపిస్తుంది.

వీవీఐలో మిషనుకి పైగది ఉందన్న సంగతే తెలీదు. తన టైమైనప్పుడు కిందిగదిని కొట్టిస్తుంది. అదే క్షణంలో పైగది కూడా ముడుచుకుందనుకోండి, మధ్యలో కవాటాలు మూసుకుని ఉంటాయి. రక్తం పోవడానికి దారి లేక వెనక్కి, మెడ నరాల్లోకి తన్నుతుంది. పైగా సాగిపోయిన పైగదులు "ఇక్కడ నిండిపోయింది, ఒత్తిడి తగ్గించండి" అని ఒంటికి కబురు పంపుతాయి. రక్తనాళాలు వదులవుతాయి. అసలే అరకొరగా నిండిన గుండె, దానికి తోడు వదులైన నాళాలు. బీపీ పడిపోక ఏం చేస్తుంది? దీనికి పేస్‌మేకర్ సిండ్రోమ్ అని పేరు. కొత్తగా కనిపెట్టిందేం కాదు. 1969లోనే జపాన్‌లో మిత్సుయి బృందం దీని గురించి రాసింది.

మిషను తనకి చెప్పింది తుచ తప్పకుండా చేస్తోంది. చెప్పిందే ఆ మనిషికి సరిపడలేదు. కాన్ఫిగరేషన్ తప్పైతే హార్డ్‌వేర్ డయాగ్నస్టిక్స్ పాసవుతాయని మనకి వేరే చెప్పాలా?

"ఇది ఎక్కడో లక్షలో ఒకరికి వస్తుందిలే" అనుకుంటున్నారా? ఇక్కడే నాకు భలే నచ్చిన, భలే కోపం తెప్పించిన లెక్క ఒకటుంది. అమెరికాలో 65 ఏళ్ళు దాటిన 407 మంది మీద ఒక ట్రయల్ చేసి 1998లో ప్రచురించారు, దాని పేరు పేస్. అందరికీ రెండు లీడ్ల పేస్‌మేకరే పెట్టారు. సగం మందికి సెట్టింగుని కిందిగది మాత్రమే కొట్టించేట్టు మార్చారు. అంటే హార్డ్‌వేర్ ఒకటే, కాన్ఫిగ్ వేరు. కిందిగది సెట్టింగులో ఉన్నవాళ్ళలో 26 శాతం మందిని పేస్‌మేకర్ సిండ్రోమ్ వల్ల రెండుగదుల సెట్టింగుకి మార్చాల్సి వచ్చింది. 2002లో వచ్చిన మోస్ట్ అనే ఇంకా పెద్ద ట్రయల్‌లో 2,010 మంది ఉన్నారు. అందులో బీపీ 20 పాయింట్లు పడాలనో, ఇంకేదో కొలవగలిగిన రుజువు ఉండాలనో గట్టి షరతులు పెట్టి చూసినా, కిందిగది సెట్టింగులో 18 శాతం మందికి ఆ సిండ్రోమ్ తేలింది.

ఇప్పుడు కెనడా వాళ్ళ ట్రయల్ చూడండి. సీటాప్, 2000లో వచ్చింది. అక్కడ ఒకరికి ఒకరకం మిషను, ఇంకొకరికి ఇంకోరకం మిషను పెట్టారు. మార్చాలంటే మళ్ళీ ఆపరేషనే. అక్కడ మార్పించుకున్నవాళ్ళు ఎంతమందో తెలుసా? ఒక్క అంకె శాతమే.

ఆలోచించండి. కెనడా వాళ్ళ గుండెలేమైనా ఉక్కుతో చేసినవా? బటన్ నొక్కితే మారేచోట నలుగురిలో ఒకరికి జబ్బు కనబడింది. మళ్ళీ కత్తి పెట్టాల్సిన చోట జబ్బు కనబడలేదు. దీనికి నాకు తోచే అర్థం ఒకటే: సరిచెయ్యడం కష్టమైనప్పుడు సమస్యని చూడటం మానేస్తాం. డాక్టరు "వయసు కదండీ" అంటాడు, పేషెంటు "ఏదో ఇలా గడిచిపోతోంది" అంటాడు. మన కోడ్‌లో కూడా అంతే కదా. రీరైట్ చెయ్యాల్సి వచ్చే బగ్గుకి "నోన్ ఇష్యూ" అని పేరు పెట్టి పక్కన పడేస్తాం.

నిజాయితీగా ఒకటి చెప్పాలి. మోస్ట్ ట్రయల్‌లో ఏ సెట్టింగులో ఉన్నవాళ్ళైనా మరణాల్లో చెప్పుకోదగ్గ తేడా రాలేదు. తేడా ప్రాణం మీద కాదు, బతుకు మీద. లేచి నాలుగడుగులు వెయ్యగలగడం, కూతురి పెళ్ళిలో నిలబడగలగడం. కొంతమంది దృష్టిలో అది లెక్కలోకి రాదు. నా దృష్టిలో మిషను పెట్టించుకున్నదే దానికోసం.

మా మేనమామ సంగతి చెప్తాను, క్లుప్తంగా. రిటైరైన స్కూలు మాస్టారు, డెబ్భై దాటాయి. గుండె నిదానించిందని ఒక్క లీడు పేస్‌మేకర్ పెట్టారు. ఇంటికొచ్చిన వారం నుంచీ నీరసం. పై బీపీ 90 దాటదు. ఫోన్ చేస్తే ఒకటే మాట: "ఒరే అబ్బోడా, గొంతు కాడ ఏందో దబదబా కొట్టుకుంటా ఉండాది రా. లేస్తే కండ్లు తిరగతా ఉండాయి." మూడుసార్లు చెకప్‌కి తీసుకెళ్ళారు. మూడుసార్లూ మిషను భేషుగ్గా ఉంది. "ఉప్పేసుకుని మజ్జిగ తాగండి" అన్నారు. ఊళ్ళో ఆరెంపీ రెండుసార్లు సెలైన్ ఎక్కించాడు. గొంతు దగ్గర కొట్టుకుంటోందన్న ముక్క ఏ కాగితంలోనూ ఎక్కలేదు. పైన చెప్పిన మెడ నరాల సంగతి గుర్తుందా? ఆయన పేషెంటు భాషలో జబ్బు పేరే చెప్పాడు, వినేవాడే లేడు.

చివరికి ఇంకో చోట ఒక చిన్న వయసు డాక్టరమ్మ ఏం చేసిందంటే, చేతికి బీపీ పట్టీ కట్టింది. ప్రోగ్రామర్‌తో మిషను రేటు తగ్గించి మామ గుండెని దాని మానాన దాన్ని కొట్టుకోనిచ్చింది. బీపీ 128. రేటు పెంచి మిషను చేత కొట్టించింది. 98. మళ్ళీ తగ్గించింది, 126. ఐదు నిమిషాలు. అంతే, అయిపోయింది డయాగ్నసిస్. ఆ రోజుకి రేటు 70 నుంచి 50కి దించి, మిషను అవసరమైతేనే కలగజేసుకునేట్టు చేసింది. తర్వాత పైగదికి రెండో లీడు వేశారు. మూడు నెలలు తిరిగిన తిరుగుడుకి జవాబు ఒక బీపీ పట్టీ. కొత్త స్కాన్ కాదు, లక్షల ఖర్చు కాదు. మన భాషలో చెప్పాలంటే ఆన్-ఆఫ్ టెస్టు, ఏ ఫ్రెషరైనా చేసేదే.

ఈ పరీక్ష ప్రతి చెకప్‌లో ఎందుకు చెయ్యరు? ఇదే నా మొదటి డిమాండు. పేస్‌మేకర్ పెట్టినవాళ్ళకి నీరసమో, తల తిరగడమో ఉందంటే, గుండె సొంతంగా కొట్టుకున్నప్పుడు బీపీ ఎంత, మిషను కొట్టించినప్పుడు ఎంత అని రెండు అంకెలు కాగితం మీద ఉండాలి. మిషను లేకపోతే గుండె బొత్తిగా కొట్టుకోనివాళ్ళకి ఇది కుదరదు, ఒప్పుకుంటాను. వాళ్ళకి సెట్టింగులు మార్చి చూసే పద్ధతులు వేరే ఉన్నాయి. మిగిలినవాళ్ళకి కుదురుతుంది కదా?

"ఆ వీవీఐ గోల పాతకాలం నాటిది, ఇప్పుడందరికీ రెండు లీడ్లే" అనేవాళ్ళకి ఒక మాట. కొన్ని మోడళ్ళలో బ్యాటరీ మార్చాల్సిన టైం దగ్గరపడితే రెండుగదుల మిషను తనంతట తానే వీవీఐలోకి, నిమిషానికి 65కి దిగిపోతుంది. నిన్నటిదాకా బాగున్న మనిషి ఇవాళ డీలా పడతాడు. ఎమ్మారై తీసేముందు సెట్టింగు మారుస్తారు, తర్వాత వెనక్కి మార్చడం మర్చిపోతే అంతే సంగతులు. 2016లో అమెరికాలో అనుమతి వచ్చిన లీడ్ లేని బుల్లి పేస్‌మేకర్ కూడా మొదట కిందిగదిని మాత్రమే కొట్టించేదే. టెక్నాలజీ కొత్తది, సమస్య పాతదే. అలాగని వీవీఐ అంటేనే మోసం అనుకోకండి. పైగదులు శాశ్వతంగా వణుకుతూ ఉండే జబ్బున్నవాళ్ళకి పైన తోపు ఎలాగూ లేదు, వాళ్ళకి అదే సరైనది.

ఇప్పుడు రెండోవైపు. మనవాళ్ళ జబ్బు ఇంకోటి. బీపీ పడిందనగానే "మిషనే, మిషనే" అని పట్టుకుంటారు. కాకి వాలగానే తాటిపండు పడిందని కాకి మీద కేసు పెట్టకూడదు. ఆఖరి డిప్లాయ్‌మెంట్ మొదటి ముద్దాయే, ఒప్పుకుంటాను. కానీ ముద్దాయి దోషి కాదు. చూడాల్సినవి ఇంకా చాలా ఉన్నాయి. అన్నిటికంటే ప్రమాదమైనవి ముందు:

1. పెట్టిన మొదటి రోజుల్లో బీపీ పడితే, ఆయాసమో గుండెల్లో నొప్పో ఉంటే, ఆలోచించకుండా ఆసుపత్రికి. లీడు గుండె గోడని గుచ్చి, గుండె చుట్టూ ఉన్న సంచిలోకి రక్తం చేరి ఉండొచ్చు. దీన్ని టాంపొనేడ్ అంటారు. వందలో ఒకరికి కూడా రాదు, వస్తే మాత్రం గంటల్లో ప్రాణం తీస్తుంది. ఎకో తీస్తే నిమిషాల్లో తెలుస్తుంది. సెలైన్ ఎక్కిస్తే కాసేపు బీపీ లేచి "తగ్గిపోయింది" అనిపిస్తుంది. అందుకే ఇంటి దగ్గర సెలైన్ బాటిల్ అంటే నాకు భయం. లీడు వేసేటప్పుడు ఊపిరితిత్తి పక్కన గాలి చేరడం కూడా ఉంది, అది ఎక్స్‌రేలో కనబడుతుంది.

2. మిషను పెట్టినచోట ఎర్రబడటం, వాపు, జ్వరం. వీటితో పాటు బీపీ పడుతోందంటే ఇన్‌ఫెక్షన్ రక్తంలోకి పోయిందేమో చూడాలి. రక్తం పలచబడే మందులు వాడేవాళ్ళకి విరేచనం నల్లగా వస్తోందా అని కూడా అడగాలి.

3. మందులు. ఇది నా లెక్కలో చాలా పెద్దది. గుండె నిమిషానికి ముప్పైయ్యో నలభయ్యో కొట్టుకునే రోజుల్లో ఒక్కో దెబ్బకి ఎక్కువ రక్తం తోసి పై బీపీ ఎక్కువ చూపిస్తుంది. దానికని బీపీ మాత్రలు రాసి ఉంటారు. పేస్‌మేకర్ పెట్టి రేటు సరిచేశాక ఆ బీపీ దానంతటదే దిగుతుంది. మాత్రలు మాత్రం అలాగే సాగుతుంటాయి! పైగా "ఇప్పుడు మిషనుంది కదా, గుండె ఆగిపోదు" అన్న ధైర్యంతో బీటా బ్లాకర్ కొత్తగా మొదలెడతారు. ఒకే రిలీజులో రెండు మార్పులు చేసి, దేనివల్ల పడిందో తెలీట్లేదంటే ఎలా? మగవాళ్ళకి ప్రోస్టేట్ కోసం ఇచ్చే మాత్రలు కూడా నిలబడగానే బీపీని దించుతాయి. ఆ మాత్రలు రాసింది ఇంకో డాక్టరు, ఆయనకి ఈ కథే తెలీదు.

4. షుగరు. ఏళ్ళ తరబడి షుగరున్నవాళ్ళకి నరాలు దెబ్బతిని, లేచి నిలబడ్డప్పుడు నాళాలు బిగుసుకోవు. ఐదు నిమిషాలు పడుకోబెట్టి బీపీ చూసి, నిలబెట్టి మూడు నిమిషాల్లోపు మళ్ళీ చూడాలి. పై అంకె 20 గానీ కింది అంకె 10 గానీ పడితే అదే జబ్బు. ఈ పరీక్షకి కావాల్సింది ఒక మంచం. మన ఓపీల్లో కూర్చోబెట్టి ఒక్కసారి చూసి పంపిస్తారు. కూర్చున్నప్పుడు బాగున్న బీపీ నిలబడితే ఏమైందో ఎవరికి తెలుసు?

5. స్టెరాయిడ్. మోకాళ్ళ నొప్పులకని, ఉబ్బసానికని ఊళ్ళల్లో "పొట్లం మందు" పేరుతో నెలల తరబడి స్టెరాయిడ్ మింగినవాళ్ళు మా జిల్లాల్లో తక్కువేం కాదు. ఆపరేషన్ ముందు అది ఠక్కున ఆగిపోతే అడ్రినల్ గ్రంథి చేతులెత్తేస్తుంది. టీబీ కూడా ఆ గ్రంథిని తినేస్తుంది. పొద్దున్నే కార్టిసాల్ రక్తపరీక్ష చేస్తే ఆధారం దొరుకుతుంది. గుండె డాక్టర్ల దగ్గర ఈ ప్రశ్న అడిగించుకున్నవాళ్ళు మీలో ఎంతమంది?

6. నెలలు, ఏళ్ళు గడిచాక మొదలైతే ఇంకో సంగతి. కిందిగదిని ఎప్పుడూ మిషనే కొట్టిస్తుంటే కొంతమందిలో గుండె కండరమే బలహీనపడుతుంది. 2002లో వచ్చిన డేవిడ్ ట్రయల్‌లో, షాక్ ఇచ్చే ఐసీడీ మిషన్లు ఉన్నవాళ్ళకి అవసరం లేకుండా ఎక్కువగా పేస్ చేస్తే మేలు బదులు కీడే జరిగింది. లీడు వల్ల కవాటం లీకవడం కూడా ఉంది. ఎకో మళ్ళీ తీసి పాతదాంతో పోల్చాలి.

చూశారుగా. వీటిలో ఏ ఒక్కటీ "మిషను ఓకే" అన్న కాగితంలో కనబడదు. వాటిలో సగం, బీపీ పట్టీ, మాత్రల చీటీ, నాలుగు ప్రశ్నలతో తేలేవి.

ఇక నాకు వచ్చే తిట్లకి ముందే జవాబులు.

"డాక్టర్లకి ఓపీలో వందమంది ఉంటారు, ఇవన్నీ చేసే టైమెక్కడిది?" నిజమే. అందుకే ఇది డాక్టరు మంచివాడా చెడ్డవాడా అన్న ప్రశ్న కాదు. పడుకోబెట్టి, నిలబెట్టి బీపీ చూడటానికి కార్డియాలజిస్టు అక్కర్లేదు, నర్సమ్మ చాలు. రాసుకోవడానికి రెండు గళ్ళు చాలు. అదే పేషెంటు అదే బాధతో మూడుసార్లు వస్తే ఖర్చయ్యే టైము మాత్రం ఎవరిది?

"ఇంజనీర్లకి లోకమంతా సాఫ్ట్‌వేర్ లాగే కనబడుతుంది." కాస్త నిజముంది. ఒంటికి రోల్‌బ్యాక్ లేదు, టెస్ట్ సర్వర్ లేదు. ఒకేసారి మూడు కారణాలు ఉండొచ్చు, ఒకటి దొరికిందని ఆపెయ్యకూడదు. కానీ నేనడిగేది మన దగ్గర కొత్తగా పుట్టిన తెలివి కాదు, వైద్యం పుస్తకాల్లో ఉన్నదే. పేషెంటు చెప్పింది విను, మార్చి చూడు, కొలువు, రాసిపెట్టు. అంతే.

"పెద్దవయసులో బీపీ కాస్త తక్కువున్నా మంచిదే." 100 ఉండి హాయిగా తిరిగేవాళ్ళకి మంచిదే. 140 అలవాటైన మనిషి 95కి దిగి, గోడ పట్టుకుని నడుస్తుంటే అది "కాస్త తక్కువ" కాదు. తుంటి ఎముక విరిగేదాకా ఆగుదామా? గుండె బాగయిందని మొక్కు తీర్చుకోవడానికి అలిపిరి మెట్లెక్కుతామనే మనుషులు మనవాళ్ళు. మూడున్నర వేల పైచిలుకు మెట్లు. వద్దన్నా వింటారా?

1958 అక్టోబరులో స్టాక్‌హోంలో ఆర్నే లార్సన్ అనే ఆయనకి ప్రపంచంలో మొట్టమొదటి పేస్‌మేకర్ లోపల పెట్టారు. ఆ మొదటి మిషను కొన్ని గంటలే పనిచేసింది. ఆయన తర్వాత ఇరవైకి పైగా మిషన్లు మార్చుకుని, తనకి ఆపరేషన్ చేసిన సెన్నింగ్‌నీ, మిషను తయారుచేసిన ఎల్మ్‌క్విస్ట్‌నీ కూడా దాటి, 2001 దాకా బతికాడు. మొదటి మిషను గొప్పదై ఆయన బతకలేదు. అది ఆగిపోయిందని గమనించి, మళ్ళీ మళ్ళీ సరిచేసినవాళ్ళు ఉన్నారు కాబట్టి బతికాడు. మనం మిషను కొనడం నేర్చుకున్నాం, గమనించడం ఇంకా నేర్చుకోవాలి.

కాబట్టి అమ్మానాన్నల గుండెని ఫోన్లో నడిపే సోదరసోదరీమణులారా, ఈ నాలుగూ చెయ్యండి. ఒకటి, చెకప్ అయ్యాక ప్రోగ్రామర్ ప్రింటవుట్ అడిగి తీసుకోండి. మోడ్ ఏంటి, కనీస రేటెంత, ఎంత శాతం పేసింగ్ అన్నవి అందులో ఉంటాయి. అది మీ వాళ్ళ గుండె కాన్ఫిగ్ ఫైలు, బీరువాలో ఉండాలి. రెండు, ఇంట్లో వారంపాటు పొద్దున లేవగానే, నిలబడ్డాక, భోజనమయ్యాక, తల తిరిగినప్పుడు బీపీ చూసి టైముతో సహా రాయించండి. "లో బీపీ ఉందండీ" అని చెప్పడానికీ, ఆ కాగితం బల్ల మీద పెట్టడానికీ చాలా తేడా. మూడు, పొట్లం మందులతో సహా అన్ని మాత్రలూ ఒక సంచిలో వేసి డాక్టరు ముందు గుమ్మరించండి. నాలుగు, ఆ బీపీ సమస్య తేలేదాకా చూసే బాధ్యత ఏ డాక్టరుదో పేరు పెట్టి తేల్చుకోండి. ఓనరు లేని బగ్గు ఎప్పటికీ క్లోజవదు.

"మిషను బాగుంది" అని ఈసారి ఎవరైనా అంటే గొడవ పడొద్దు. మర్యాదగా ఒక్కటే అడగండి: "చాలా సంతోషమండీ. మరి మిషను కొట్టించినప్పుడు మా నాన్నకి బీపీ ఎంతుంది, కొట్టించనప్పుడు ఎంతుంది?" అంకెలు చెప్తే వినండి. చెప్పలేకపోతే టికెట్ క్లోజ్ చెయ్యనివ్వకండి.

తా.క.: నేను డాక్టర్ని కాను. ఇది చదివి బీపీ మాత్రలు మీకు మీరే ఆపెయ్యకండి, స్టెరాయిడ్ అయితే అసలే వద్దు. స్పృహ తప్పినా, ఆయాసమొచ్చినా, గుండెల్లో నొప్పున్నా కాగితాలూ లెక్కలూ తర్వాత, ముందు 108కి ఫోన్ చెయ్యండి.